ఎలై మీద లినక్స్: ముందు గేముల లిస్టు, ఆ తర్వాత వాట్ల లెక్క

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. ఉండేది నల్లగొండలో, చేతిలో ఉన్నది మొదటి తరం ఆర్ఓజీ ఎలై, అంటే ఆసుస్ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ, జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్, 512 జీబీ. విండోస్‌లో స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేస్తే తీసేసరికి కాలుతోంది, బ్యాటరీ ఖాళీ. లినక్స్ వేయొచ్చా, ఏది వేయాలి, ఆన్‌లైన్ గేము వాలరెంట్ పోతుందా, హైదరాబాద్ బస్సెక్కితే దిగేదాకా ఛార్జింగ్ ఆగుతుందా, ఎండకాలంలో మిషన్‌కు ఏమైనా అవుతుందా. ఇంట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. ఒక్కోటి చెప్తా.

లినక్స్ వేసినంత మాత్రాన చిప్‌కు కొత్త బలం రాదు. మారేవి మూడు: స్లీప్, పవర్ బటన్ నొక్కగానే గేములే కనిపించే ఇంటర్‌ఫేస్, ఏ గేముకు ఎన్ని వాట్లు ఇవ్వాలో మన చేతిలో ఉండడం. బస్సుకైనా ఎండకైనా ఈ మూడోదే మందు.

కానీ పెన్‌డ్రైవ్ ముట్టుకోకముందే నువ్వు ఆడే గేములన్నీ కాగితం మీద రాయి. విండోస్ గేములు లినక్స్ మీద నడిచేది ప్రోటాన్ వల్ల. స్టీమ్ అనే గేముల దుకాణం నడిపే వాల్వ్ 2018 ఆగస్టులో తెచ్చిన ఈ పొరలో లోపల వైన్, అంటే విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. విండోస్ గేములు బొమ్మలు గీయించుకునే పద్ధతి డైరెక్ట్‌ఎక్స్. డైరెక్ట్‌ఎక్స్ 11 వరకు గేము అడిగే పనిని డీఎక్స్‌వీకే, డైరెక్ట్‌ఎక్స్ 12 పనిని వీకేడీ3డీ-ప్రోటాన్ లినక్స్‌కు తెలిసిన వల్కన్ పద్ధతిలోకి మారుస్తాయి. ఒంటరిగా ఆడే గేముల్లో ఎక్కువ భాగం ఇప్పుడు ఏ తంటా లేకుండా నడుస్తాయి: సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్, విచర్ 3, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, హేడీస్. స్టార్‌డ్యూ వ్యాలీ, డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2లకైతే లినక్స్ వెర్షనే ఉంది.

ఆగేది ఆన్‌లైన్ గేముల దగ్గర, కారణం యాంటీచీట్, అంటే మోసం చేసి ఆడేవాళ్లను పట్టే ప్రోగ్రాము. వాలరెంట్‌లో ఉండే వ్యాన్‌గార్డ్ విండోస్ కెర్నల్‌లోకి, అంటే సిస్టమ్ గుండెకాయలోకి దిగి కూర్చుంటుంది. లినక్స్‌లో దానికి కూర్చునే చోటే లేదు. ప్రోటాన్ వెర్షన్లు ఎన్ని మార్చినా, ఏ చిట్కా వీడియో చూసినా అది రాదు, టైమ్ పాడు చేసుకోకు. ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ, పబ్జీ పీసీ వెర్షన్, కొత్త ఈఏ ఎఫ్‌సీ గేములదీ అదే పరిస్థితి. ఎపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024 అక్టోబరు చివర్లో వాళ్లే బంద్ చేశారు. జీటీఏ 5 కథ ఆడొచ్చు, 2024 సెప్టెంబరులో బ్యాటిల్ఐ పెట్టిన దగ్గర్నుంచి ఆన్‌లైన్ మాత్రం రాదు. బ్యాటిల్ఐ, ఈజీ యాంటీచీట్ రెండూ 2021 నుంచే ప్రోటాన్‌కు దారి ఇచ్చాయి. ఆ దారి తెరవాలా వద్దా అన్నది గేము చేసినవాళ్ల ఇష్టం. అందుకే ఒకే యాంటీచీట్ ఉన్న రెండు గేముల్లో ఒకటి నడుస్తుంది, ఇంకోటి నడవదు. మిగతా పేర్లను ప్రోటాన్‌డీబీ సైట్లో వెతుకు, ఏ గేము ఎలా నడుస్తోందో ఆడినవాళ్లే అక్కడ రాస్తారు. రేటింగ్ రంగు చూసి వదిలేయకుండా గత మూడు నెలల్లో రాసినవాళ్ల మాటలు చదువు, రెండేళ్ల కిందటి రిపోర్టుకు విలువ లేదు.

నీ లిస్టులో వాలరెంట్ రోజూ ఆడేది అయితే విండోస్ తీసేయొద్దు, పక్కన లినక్స్ పెట్టుకో. వాలరెంట్ మానేసినా పర్వాలేదనుకుంటే మొత్తం తుడిచి లినక్స్ ఒక్కటే పెట్టడం సుఖం. 512 జీబీలో రెండు కాపురాలు ఇరుకే.

ఏది వేయాలి అంటే నీకు బజైట్, గేముల కోసమే చేసిన లినక్స్ రకం. ఫెడోరా అటామిక్ మీద కట్టింది. సిస్టమ్ ఫైళ్లు రాయడానికి వీల్లేకుండా ఉంటాయి. అప్‌డేట్ అంటే మొత్తం సిస్టమ్‌కు కొత్త ప్రతి, పాత ప్రతి డిస్కులోనే ఉంటుంది. కొత్తదానిలో సౌండ్ పోయినా వైఫై పోయినా రీబూట్ చేసి బూట్ మెనూలో రెండో వరుస ఎంచుకుంటే నిన్నటి సిస్టమ్ తిరిగి వస్తుంది. వాల్వ్ వారి స్టీమ్‌ఓఎస్ కూడా 2025 మేలో వచ్చిన 3.7 నుంచి ఎలై లాంటి ఏఎమ్‌డీ మిషన్ల మీద మెరుగ్గా ఎక్కుతోంది. కానీ అది డిస్క్ మొత్తం తుడిచేస్తుంది, సెక్యూర్ బూట్ బంద్ చేయమంటుంది. వాలరెంట్ ఉంచుకోవాలంటే ఆ రెండూ నీకు అడ్డే.

సెక్యూర్ బూట్ సంగతి జర వివరంగా చెప్పాలి. గుర్తు తెలిసిన సిస్టమ్‌నే మిషన్ మొదలుకానిచ్చే కాపలా అది. విండోస్ 11లో వాలరెంట్‌కు సెక్యూర్ బూట్, టీపీఎమ్ (తాళంచెవులు దాచే భద్రత భాగం) రెండూ ఆన్‌లో ఉండాలి. లినక్స్ కోసమని బయోస్‌లో, అంటే సిస్టమ్ కన్నా ముందు వచ్చే మిషన్ సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ ఆఫ్ చేస్తే, తర్వాత విండోస్‌లోకి వెళ్లినప్పుడు వ్యాన్ 9003 ఎర్రర్ వస్తుంది. చాలామంది లినక్స్ వల్ల విండోస్ పాడైందని అనుకునేది ఇక్కడే. దీనికి మార్గం, సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచి బజైట్ తాళంచెవిని మిషన్‌కు పరిచయం చేయడం. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి రీబూట్‌లో నీలిరంగు తెర వస్తుంది. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్ వరుసగా ఎంచుకుని పాస్‌వర్డ్‌గా యూనివర్సల్‌బ్లూ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. టైప్ చేస్తుంటే తెర మీద ఏమీ కనిపించదు, అది మామూలే. ఈ తెర మీద టచ్ పనిచేస్తుందని ఆశ పెట్టుకోకుండా యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకో. ఎలైకి ఉన్నది ఒక్క టైప్-సీ పోర్టే కాబట్టి ఛార్జింగ్ లోపలికి పంపే టైప్-సీ హబ్ కూడా కావాలి: ఒకదాంట్లో పెన్‌డ్రైవ్, ఒకదాంట్లో కీబోర్డు, ఒకదాంట్లో ఛార్జర్.

విండోస్‌లో ఉండగానే ముగించాల్సిన పనులున్నాయి. మైఆసుస్ తెరిచి బయోస్ అప్‌డేట్ చెయ్యి, ఆర్మరీ క్రేట్‌లో కంట్రోలర్ ఫర్మ్‌వేర్ కూడా కొత్తదానికి మార్చు. స్టిక్, బటన్ల ఫర్మ్‌వేర్ విండోస్ నుంచే ఎక్కించడం తేలిక, తుడిచేశాక గుర్తొస్తే చాలా శ్రమ. విండోస్ డిస్క్‌కు వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి, ఆ 48 అంకెలు నోటుబుక్‌లో రాసుకో. బూట్ సెట్టింగులు కదిలితే విండోస్ అది అడుగుతుంది, లేకపోతే లోపలి ఫైళ్లు దక్కవు. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చెయ్యి. అది ఆన్‌లో ఉంటే విండోస్ నిజంగా షట్‌డౌన్ కాదు, డిస్క్‌ను సగం మూసి వదిలేస్తుంది, లినక్స్ దాన్ని తెరవనంటుంది. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించు. విండోస్‌కు, వాలరెంట్‌కు కలిపి 150 జీబీ దాకా వదిలి, మిగిలిన 300 పైచిలుకు ఖాళీగా ఉంచు, ఫార్మాట్ చేయకు.

బజైట్ సైట్లో మిషన్ పేరు అడిగితే ఆర్ఓజీ ఎలై, డెస్క్‌టాప్ అడిగితే కేడీఈ, స్టీమ్ గేమింగ్ మోడ్ కావాలా అంటే కావాలి అని చెప్పు. ఐఎస్ఓ చాలా జీబీలు ఉంటుంది, కాలేజీ వైఫై మీదో ఫైబర్ ఉన్న దోస్తు ఇంట్లోనో దించుకుని చెక్‌సమ్ (ఫైలు తప్పుల్లేకుండా దిగిందో లేదో తేల్చే అంకె) సరిచూడు. హాట్‌స్పాట్ మీద మధ్యలో తెగి మళ్లీ అతుక్కున్న ఫైలుతో ఇన్‌స్టాల్ సగంలో ఆగడం మస్తుగా జరుగుతుంది. 16 జీబీ పెన్‌డ్రైవ్‌కు ఫెడోరా మీడియా రైటర్‌తో ఎక్కించు, వెంటాయ్ అనే ఇంకో టూల్ వద్దు. మిషన్ ఆఫ్ చేసి, వాల్యూమ్ డౌన్ పట్టుకుని పవర్ నొక్కితే బయోస్ వస్తుంది, అక్కడ పెన్‌డ్రైవ్‌ను ముందుకు తే. ఇన్‌స్టాలర్‌లో ఖాళీ జాగా మాత్రమే ఎంచుకో, లినక్స్‌కు వేరే ఈఎఫ్ఐ పార్టిషన్, అంటే బూట్ ఫైళ్లుండే చిన్న భాగం పెట్టు. విండోస్ చేసిన ఈఎఫ్ఐ పార్టిషన్ చిన్నది, ఇద్దరూ అందులోనే ఇరుక్కుంటే ఏదో ఒక అప్‌డేట్ రోజు జాగా సరిపోదు.

రెండు సిస్టమ్‌లు పెట్టాక గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పు చూపిస్తే భయపడకు. మిషన్ లోపలి గడియారాన్ని లినక్స్ గ్రీన్విచ్ సమయంగా చదువుతుంది, విండోస్ మన సమయంగా చదువుతుంది. ఆ తేడా మన దేశానికి ఐదున్నర గంటలు. టైమ్ తప్పితే సైట్లు భద్రత హెచ్చరికలు చూపుతాయి, లాగిన్లు ఆగుతాయి. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1 చేస్తే పోతుంది.

విండోస్ పార్టిషన్లో ఉన్న గేములనే లినక్స్ నుంచి నడిపిద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. మానుకో. ప్రోటాన్ ప్రతి గేముకు కంపాట్‌డేటా ఫోల్డర్‌లో ఒక బుల్లి విండోస్‌ను కడుతుంది, అందులో పేరు చివర కోలన్ గుర్తు ఉండే సీ డ్రైవ్ లింకు ఉంటుంది. అలాంటి పేర్లను విండోస్ తన డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఒప్పుకోదు. గేము ప్లే నొక్కగానే రెండు సెకన్లు తిరిగి మళ్లీ ప్లే బటన్‌కే వస్తే మొదట అనుమానించాల్సింది ఇదే. గేములు లినక్స్ పార్టిషన్లో పెట్టు, ఎస్‌డీ కార్డును స్టీమ్ సెట్టింగుల్లోనే ఫార్మాట్ చెయ్యి. కార్డు విషయంలో ఇంకో మాట. మొదటి తరం ఎలైలో కార్డు రీడర్ వేడికి పాడయ్యే అవకాశం ఉందని 2023లో ఆసుసే ఒప్పుకుంది. నీ రీడర్ ఇప్పుడు పనిచేస్తున్నా, సేవ్ ఫైళ్లూ పెద్ద గేములూ లోపలి డిస్కులోనే ఉంచు.

ఇక అసలు లెక్క, వాట్లు.

నీ ఎలై బ్యాటరీ 40 వాట్-అవర్లు. నల్లగొండ నుంచి ఎల్బీనగర్ దాకా బస్సు రెండున్నర గంటలనుకో. దిగాక కొంచెం మిగలాలి కాబట్టి 36 వాడుకుందాం. 36ను రెండున్నరతో భాగిస్తే 14.4. అంటే మిషన్ మొత్తం కలిపి 14 వాట్లకు మించి గుంజకూడదు. అందులో తెర, ర్యామ్, డిస్క్, వైఫై కలిసి 6 నుంచి 8 వాట్లు తింటాయి. చిప్‌కు మిగిలేది 7 దాకా. విండోస్‌లో నువ్వు వాడే టర్బో మోడ్ చిప్ ఒక్కదానికే 25 ఇస్తుంది. మొత్తం 30కు పైనే పోతుంది, గంట దాటితే గొప్ప. బ్యాటరీ చెడిపోలేదు, లెక్కే అంత.

7 వాట్లలో హేడీస్, స్టార్‌డ్యూ, హాలో నైట్ హాయిగా నడుస్తాయి. సైబర్‌పంక్ నడవదు, దానికి 15 దాకా కావాలి, అది ఇంట్లో ఛార్జర్ పెట్టి ఆడే గేము. మధ్యలో ఉన్న గేములకు సరైన అంకె ఇలా పట్టుకో. క్విక్ యాక్సెస్ మెనూ తెరిచి పెర్ఫార్మెన్స్ ఓవర్‌లేను మూడో మెట్టుకు పెట్టు, ఫ్రేములు, చిప్ వేడి, బ్యాటరీ నుంచి పోతున్న వాట్లు తెర మీద కనిపిస్తాయి. ప్రతి గేముకు వేరే ప్రొఫైల్ అనే స్విచ్ ఆన్ చెయ్యి. ఫ్రేమ్ లిమిట్ 40కి కట్టు. గేములో అన్నిటికన్నా బరువైన చోటికి, అంటే జనం తిరిగే బజారుకో పెద్ద యుద్ధానికో వెళ్లి నిలబడు. ఖాళీ మైదానంలో కొలిస్తే లెక్క తప్పుతుంది. టీడీపీని, అంటే చిప్‌కు ఇచ్చే వాట్ల హద్దును, 15 నుంచి షురూ చేసి ఒక్కో వాటు తగ్గిస్తూ పో. 40 ఫ్రేములు ఊగడం మొదలైన చోట ఆగి, ఒక వాటు పైకి జరుపు. చివరి వాట్లు గుంజుకునేంత కరెంటుకు తగిన ఫ్రేములు ఇవ్వవు. చిప్ వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ కూడా పెరగాలి, ఖర్చు వేగం కన్నా తొందరగా ఎక్కుతుంది.

40 ఎందుకంటే, 30 ఫ్రేముల దగ్గర ఒక్కో బొమ్మ 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60 దగ్గర 16.7. సరిగ్గా నడుమన ఉన్నది 25, అదే 40 ఫ్రేములు. చేతికి 60కి దగ్గరగా అనిపిస్తుంది, కరెంటు 30కి దగ్గరగా కాలుతుంది. ఎలై తెరకు వీఆర్ఆర్ (గేము ఫ్రేములకు తగ్గట్టు తెర వేగం మారడం) ఉంది కాబట్టి 43, 47 లాంటి బేసి అంకెలు కూడా మంచిగానే ఆడతాయి.

ఇంకో పెద్ద ఆదా రిజల్యూషన్. తెర 1080పీ అయినా గేమును 720పీలో పెట్టు. గీయాల్సిన చుక్కలు సగం కన్నా తక్కువ, నూటికి 44. క్విక్ మెనూలో స్కేలింగ్ ఫిల్టర్‌ను ఎఫ్ఎస్ఆర్‌కు మార్చు, చిన్న బొమ్మను తెరకు సరిపడా పెంచేది అదే. గేము లోపల రిజల్యూషన్ తగ్గించకుండా ఎఫ్ఎస్ఆర్ ఒక్కటే ఆన్ చేస్తే ఏమీ జరగదు, పెంచడానికి దానికి పనే ఉండదు. వీడియో మెమరీని బయోస్‌లో 8 జీబీ చేయమని ఎవరైనా చెప్తే వినకు. ఉన్నది 16 జీబీ ఉమ్మడి ర్యామ్, 8 అటు రాసిస్తే గేముకు మిగిలేది సగమే. 4 దగ్గర ఉంచు, అవసరమైతే లినక్స్ డ్రైవర్ మామూలు ర్యామ్ నుంచి తీసుకుంటుంది.

ఎండ సంగతి. వాల్వ్ తన స్టీమ్ డెక్ గురించి చెప్పిన మాట, చుట్టూ గాలి 35 డిగ్రీలు దాటితే మిషన్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకోవచ్చని. చల్లబరిచేదంతా గాలే కాబట్టి నీ ఎలైకి కూడా ఆ లెక్క నిలుస్తుంది. మే నెలలో నల్లగొండలో, పాలమూరులో 44 డిగ్రీలు కొత్తేం కాదు, రేకుల ఇంట్లో రాత్రి తొమ్మిదికి కూడా గది 35 కిందికి దిగదు. ఫ్యాన్ చేయగలిగింది చిప్ వేడిని గది గాలిలోకి తోయడమే. ఒక వాట్ల లెక్కకు చిప్ గాలి కన్నా 50 డిగ్రీలు పైన ఉంటుందనుకుంటే, 28 డిగ్రీల గదిలో 78, 42 డిగ్రీల గదిలో 92. గేము అదే, సెట్టింగులవే, మొదటి చోట సాఫీగా ఉంటుంది, రెండో చోట పది నిమిషాలకు కుదుపులు మొదలవుతాయి. కాబట్టి ఎండకాలం ప్రొఫైల్ వేరే పెట్టుకో: 10 నుంచి 12 వాట్లు, 40 ఫ్రేములు. కూలర్ ముందు ఆడాలనుకుంటే గాలి పక్క నుంచి తగిలేలా కూర్చో, ఎదురుగా కూర్చుంటే తడి తుంపర్లు గాలితో పాటే వెనక జాలీలోంచి లోపలికి పోతాయి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి డౌన్‌లోడ్‌కు వదలకు, గాలి పీల్చే జాలీ వెనకే ఉంది.

ఎండలో నిలిపిన బండి డిక్కీలోనో కారులోనో దాన్ని వదిలేయడం బ్యాటరీకి గేము ఆడడం కన్నా చేటు, అందులోనూ నూటికి నూరు ఛార్జింగ్‌తో. ఇంట్లో ఛార్జర్ పెట్టి ఆడే రోజుల్లో డెస్క్‌టాప్ మోడ్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఛార్జ్ లిమిట్ 80కి పెట్టు. బస్సు ముందు రోజు రాత్రి 100కు మార్చు.

మన ఎర్రదుమ్ము జాలీల్లో మెత్తగా పేరుకుంటుంది. రెండు నెలలకోసారి మిషన్ ఆఫ్ చేసి మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులుపు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం కొట్టించకు. అందులో నూనె, నీటి తుంపర కలిసి వస్తాయి, పైగా ఆ జోరుకు బుల్లి ఫ్యాన్ దాని హద్దు దాటి తిరిగి బేరింగ్ పోతుంది.

పవర్ బ్యాంక్ కొంటే ఎమ్‌ఏహెచ్ చూసి మోసపోకు. 20,000 ఎమ్‌ఏహెచ్ అంటే 3.7 వోల్టుల లెక్కన 74 వాట్-అవర్లు, మార్పిడిలో పోయింది పోగా 60 పైచిలుకు చేతికి వస్తుంది. అంటే ఎలైని ఒకటిన్నర సార్లు. ముఖ్యం, డబ్బా మీద పీడీ (టైప్-సీ పవర్ డెలివరీ) 45 వాట్లు లేదా 65 అని ఉండాలి. 22.5 వాట్లు అని రాసి ఉండేవి ఫోన్ల ఫాస్ట్ ఛార్జింగ్ కోసం చేసినవి, వాటితో ఆడుతూ ఉంటే శాతం పెరగకపోగా దిగుతుంది. కేబుల్ కూడా 60 వాట్లు మోసేదై ఉండాలి.

హాట్‌స్పాట్ మీద డేటా కాపాడాలంటే స్టీమ్ డౌన్‌లోడ్ సెట్టింగుల్లో షేడర్ ప్రీ-కాషింగ్ (గ్రాఫిక్స్ ఫైళ్లను ముందే దించిపెట్టడం) ఆఫ్ చెయ్యి. గేము ఏ మార్పూ లేకున్నా ఊకె దిగే ఫైళ్లు అవే. ఆఫ్ చేస్తే కొత్త చోటికి వెళ్లినప్పుడు మొదట్లో చిన్న కుదుపులు రావచ్చు, ఇప్పటి డ్రైవర్లతో అది భరించేంతే. ఆటో అప్‌డేట్లకు టైమ్ కట్టు. హాస్టల్లో దోస్తు పీసీలో అదే గేము ఉంటే, నీ అకౌంట్‌లో కూడా అది ఉంటే, ఇద్దరూ ఒకే రౌటర్ మీద ఉండి లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేసుకోండి. అతని సెట్టింగ్ మొదట సొంత అకౌంట్ వరకే ఉంటుంది, దాన్ని ఫ్రెండ్స్‌కు మార్చాలి. ప్రోటాన్ మీద నడిచే 60 జీబీ గేము కూడా నెట్ డేటా ముట్టకుండా వచ్చేస్తుంది. ఎపిక్ అనే ఇంకో గేముల దుకాణంలో ఉచితంగా తీసుకున్న గేములకు హీరోయిక్ లాంచర్ వేసుకో.

ఊరికి పోయే ముందు ఆడాలనుకున్న ప్రతి గేమునూ నెట్ ఉన్నప్పుడే ఒక్కసారి తెరిచి మెయిన్ మెనూ దాకా వెళ్లు. మొదటిసారి ప్లే నొక్కినప్పుడే ప్రోటాన్, రన్‌టైమ్, గేముతో వచ్చే విండోస్ లైబ్రరీలు సర్దుకుంటాయి. ఇన్‌స్టాల్ అయిందని చూసి వెళ్తే సిగ్నల్ లేని చోట తెరుచుకోదు. ఆ తర్వాత స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌కు మార్చి ఇంకోసారి తెరిచి చూసుకో.

స్లీప్ బజైట్‌లో విండోస్ కన్నా నమ్మకంగా ఉంటుంది. అయినా బ్యాగులో వేసే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాన్ ఆగిందో లేదో విను. బటన్ నొక్కిన ఐదారు సెకన్లకు పూర్తి నిశ్శబ్దం రావాలి. గంటకు మించి మూసి ఉంచేటట్టయితే సేవ్ చేసి షట్‌డౌన్ చెయ్యి. బరువైన ఆన్‌లైన్ గేమును మధ్యలో పడుకోబెడితే లేచాక సర్వర్ కనెక్షన్ తెగే ఉంటుంది, అది మిషన్ తప్పు కాదు.

ఇంతా చేసి ఏదైనా గేము తెరుచుకోకపోతే ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి ముందు ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్, తర్వాత ప్రోటాన్‌అప్-క్యూటీతో దించిన ప్రోటాన్ జీఈ పెట్టి చూడు. వెర్షన్లు మార్చి మార్చి కంపాట్‌డేటా గజిబిజి అయితే ఆ గేము ఫోల్డర్ తీసేస్తే కొత్తగా కట్టుకుంటుంది. క్లౌడ్ సేవ్ లేని గేములకు సేవ్ ఫైళ్లు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ముందు కాపీ తీసుకో. అప్పటికీ రాకపోతే గేము పేరు, వాడిన ప్రోటాన్ వెర్షన్, ఏ డిస్కులో ఉంది, ఎన్ని సెకన్లకు మూసుకుంటోంది, ఈ నాలుగూ రాసి పంపు, చూద్దాం.